కనపడలేదని రాసినచోట

“మా కోడలికి పొద్దున లేస్తే చాలు, కడుపులో దేవేస్తోందండీ. నిన్నటి నుంచి మంచినీళ్లు కూడా నిలవట్లేదు” అంది అత్తగారు, కుర్చీలో ఇంకా సర్దుకోకముందే.

ఎవరి కడుపులో దేవేస్తోందో ఆ మనిషి పక్క కుర్చీలోనే ఉంది. ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని, అత్తగారు చెప్పేదానికల్లా తల ఊపుతోంది. చెప్పేదాంట్లో అబద్ధమేం లేదు. పైగా అత్తగారు తనకంటే బాగా చెబుతుంది. ఆ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా నోరు మాత్రం అత్తగారిదే. ముప్పై దాటిన కొడుకు గొంతు నొప్పని వెళ్లినా, ఆ నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎటుపక్క ఉందో, ఐస్ వేసిన నీళ్లు ఎన్ని గ్లాసులు తాగితే వచ్చిందో అంతా ఆవిడే చెప్పేది. కొడుకు నోరు తెరిచేది డాక్టరమ్మ టార్చి వేసినప్పుడే. “మీ ఇంట్లో జ్వరం ఎవరికొచ్చినా థర్మామీటరు మీ నోట్లోనే పెట్టాలేమోనండీ” అని డాక్టరమ్మ ఒకసారి నవ్వుతూ అంటే, అత్తగారు అది మెచ్చుకోలు కిందే తీసుకుంది.

డాక్టరమ్మ ఆ వీధికి వచ్చి పాతికేళ్లు దాటింది. మందుల దుకాణం మీద మేడగది, ఒక బల్ల, బరువు చూసే మిషను, కిటికీలో ఎప్పుడూ సగం వాడినట్టుండే మొక్క. దగ్గుకీ, షుగరుకీ, పిల్లల టీకాలకీ, కాలు బెణికినా, కాపురం బెణికినా అందరూ ఆ మెట్లే ఎక్కేవాళ్లు. ఆవిడ పరీక్ష కాగితం ఒకసారి చూసి, “సంతోషం” అంది. అని, అత్తగారి వైపు తిరిగి, “మీరు కాసేపు బయట కూర్చోండి” అంది.

“నేనా?”

“కడుపుతో ఉన్నవాళ్లని నేను ఒంటరిగానే చూస్తాను. అది ఈ గది పద్ధతి.”

“నేనేమన్నా పరాయిదాన్నా అండీ?”

“పరాయివాళ్లయితే ఇంత మర్యాదగా బయటికి పంపుతానా? వెళ్లండి, ఫ్యాను వేయించుకోండి.”

అత్తగారు లేచింది. తలుపు దాటింది కానీ తలుపు వేయలేదు. “నీ వయసెంతమ్మా?” అని డాక్టరమ్మ అడిగిందో లేదో, బయటి నుంచి “ఇరవై ఎనిమిది నిండాయండీ!” అని వినపడింది. డాక్టరమ్మే లేచి వెళ్లి తలుపు వేసి వచ్చింది.

“ఇప్పుడు చెప్పు. నీకెలా ఉంది?”

ఆమె మూసిన తలుపు వైపు చూసింది. చూశాక గానీ తనేం చేస్తోందో తనకి తెలియలేదు. తనకెలా ఉందో చెప్పడానికి తలుపు తెరుచుకుని ఎవరో రావాలి! సిగ్గనిపించింది. నవ్వూ వచ్చింది. నాలుగేళ్ల కాపురంలో తనని అందరూ చాలా అడిగారు. ఉప్పు వేశావా, తాళం వేశావా, ఆ పెద్దాయన కళ్లద్దాలు అయ్యాయా, ఇంకా విశేషం ఏం లేదా. ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు. జవాబు వెతుక్కుంటుంటే మామూలు మాటలే దొరికాయి. “కాళ్లు లాగుతున్నాయండీ. వాసన పడట్లేదు. భయంగా కూడా ఉంది, ఎందుకో తెలీదు” అంది. “ఎందుకో తెలియక్కర్లేదు” అంది డాక్టరమ్మ, రక్తపోటు చూసే పట్టీ చేతికి చుడుతూ.

తర్వాత చాలా అడిగింది. ఏ మాత్రలు వేసుకుంటోంది, పెళ్లికి ముందు ఏమైనా పెద్ద జబ్బు చేసిందా, ఇంతకు ముందు కడుపు వచ్చి పోయిందా, రోజంతా ఏం పని చేస్తుంది. మీ పుట్టింటి వైపు పిల్లలెవరైనా ఏదన్నా లోపంతో పుట్టారా, పుట్టి పోయారా? లేదంది. మీ అత్తగారి వైపు? తెలియదంది. డాక్టరమ్మ తలుపు తీసి అత్తగారిని పిలిచి, ఆవిడని కూడా ఒంటరిగా కూర్చోబెట్టి అడిగింది. గది బయట ఉన్న ఆమెకి జవాబు స్పష్టంగా వినపడింది. “మా వంశంలో అలాంటివేం లేవండీ.” అంత పొట్టి జవాబు అత్తగారి నోట ఆమె ఎప్పుడూ వినలేదు.

*

వాళ్లది కళ్లజోళ్ల దుకాణం. ముందు గదిలో అద్దాల అరలు, మెత్తటి కుర్చీ, ఆమె భర్త. వెనక గదిలో అరగదీసే మిషను, నీళ్ల తొట్టి, ఆమె. కంటి పరీక్ష చీటీ ముందు నుంచి వెనక్కి వస్తుంది, జోడు వెనక నుంచి ముందుకి వెళుతుంది. అద్దాన్ని ఫ్రేము కొలతకి అంచులు అరగదీయాలి, వెంట్రుకవాసి ఎక్కువైతే ఫ్రేములో కూర్చోదు, తక్కువైతే ఊడిపడుతుంది. పెళ్లయిన కొత్తలో “సరదాగా నేర్చుకో, పొద్దుపోతుంది” అన్నాడు భర్త. నేర్చుకుంది. ఆ తర్వాత వెనక గదిలో పనిచేసే మనిషి మానేశాడు. కొత్త మనిషిని పెట్టుకోలేదు. పొద్దు నిజంగానే పోతోంది. జోడు పెట్టుకున్నవాళ్లు అద్దంలో చూసుకుని “మీ చేతిలో ఏదో ఉందండీ” అని అతన్ని మెచ్చుకుంటారు. అతను మంచివాడే. మెచ్చుకున్నప్పుడల్లా వెనక గది వైపు ఒకసారి చూస్తాడు. చూసి ఊరుకుంటాడు. ఆ చూపుని జీతంగా అనుకుంటూ కొన్నాళ్లు గడిపింది. కడుపు వచ్చాక, మిషను ముందు నిలబడితే కాళ్లలో పోట్లు పుడుతున్నాయని చెబితే, “స్టూలు వేసుకుని చెయ్. కూర్చుని చేసే పనేగా” అన్నాడు. స్టూలు తనే మోసుకొచ్చి వేశాడు కూడా. మంచివాడే అన్నది అందుకే.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు వేసుకుంది. మొదటి స్కాను బాగుంది. వాంతులు తగ్గాయి. లోపల ఏదో చేపపిల్ల తోక ఆడించినట్టు కదలడం మొదలైంది. ఆ కదలిక సంగతి ఎవరికీ వెంటనే చెప్పలేదు. చెబితే అత్తగారు వీధంతా చెబుతుంది, అప్పుడది తనదే అయినా అందరిదీ అయిపోతుంది. రెండు రోజులు దాచుకుంది. మిషను శబ్దంలో, చేతులు చల్లటి నీళ్లలో ఉండగా, కడుపులో ఆ కదలికతో ఏవో మాటలు చెప్పుకుంది.

సగం నెలలు నిండాక పెద్ద స్కాను తీయించమంది డాక్టరమ్మ. బిడ్డ తల నుంచి కాలి వేళ్ల దాకా చూసే స్కాను. భర్త వెంట వచ్చాడు. స్కాను గది బయట జనం కిటకిటలాడుతున్నారు. లోపల చూసే అతను ముక్కూ, వేళ్లూ చూపించి, “బిడ్డ అటు తిరిగి పడుకుంది, సతాయిస్తోంది” అని నవ్వాడు. కాగితాలు చేతికొచ్చాక భర్త అక్కడే నిలబడి చెల్లెలికి ఫోను చేశాడు. “అంతా బాగుందంట! ముక్కు మాత్రం నీదేనే పాపం.”

ఆ సాయంత్రం ముగ్గురూ మేడ మెట్లు ఎక్కారు. డాక్టరమ్మ కాగితాలని తొందర లేకుండా చదివింది. ఒకచోట వేలు పెట్టి ఆగింది.

“ఇందులో ‘బాగుంది’ అని చాలాచోట్ల రాశారు. తల బాగుంది, వెన్ను బాగుంది, కిడ్నీలు బాగున్నాయి. గుండె దగ్గర మాత్రం ‘బిడ్డ తిరిగి ఉండటం వల్ల పూర్తిగా కనపడలేదు’ అని రాశారు.”

“అంటే బాగున్నట్టేగా డాక్టరుగారూ?” అన్నాడు భర్త. “తేడా ఉంటే రాసేవాళ్లేగా?”

“కనపడలేదంటే కనపడలేదనే బాబూ. అద్దాల కొట్టు పెట్టుకున్నవాడివి, నేను చెప్పాలా? బోర్డు మీద అక్షరం కనపడలేదని ఎవరైనా అంటే, అక్కడ అక్షరం లేదనుకుంటావా?”

అతను తల గోక్కున్నాడు. డాక్టరమ్మ మెత్తగా చెప్పింది. “నూటికి తొంభై సార్లు ఏమీ ఉండదు. కానీ మళ్లీ చూడాలి. నగరంలో పెద్దాసుపత్రిలో కడుపులో బిడ్డ గుండెని మాత్రమే చూసే డాక్టరున్నారు. వెళ్లొస్తే నాకు నిశ్చింత.” అని, ఆమె వైపు చూసి, “ఇంట్లో ఇంకోసారి అడుగు, పాత సంగతులేమన్నా ఉన్నాయేమో. ఉంటే రేపే పంపిస్తాను” అంది.

రేపు కాదు కదా, వారం దాకా కుదిరేట్టు లేదు. బడిపిల్లల జోళ్లు పెద్ద ఆర్డరొకటి ఒప్పుకున్నాడు భర్త. “రోజంతా మిషను ఆపితే ఎలా? స్కాను తీసినాయనేమో మెషీను పెట్టి చూసి ఏం లేదన్నాడు, ఈవిడేమో కాగితం చూసి ఉందంటోంది.” ఆడపడుచు ఫోనులో, “వదినా, గూగుల్లో ఏం చదవకు, చదివితే అందరికీ అన్నీ ఉంటాయి” అంది. అత్తగారు మాత్రం మొదటిసారి ఏ సలహా ఇవ్వలేదు. “దేవుడు మూసిపెట్టి పెంచుతున్నదాన్ని మనం తెరిచి చూడకూడదు” అని మాత్రం అని, గదిలోకి వెళ్లిపోయింది.

ఆ మాట ఆమెకి లోపల గుచ్చుకుంది. దేవుడంటే ఆమెకి భయం కంటే చనువు ఎక్కువ. పొద్దున్నే దణ్ణం పెట్టుకోకుండా మిషను స్విచ్చి వేయదు. బిడ్డ నీ చేతుల్లో ఉంది స్వామీ అని రోజూ అనుకుంటుంది. అలా అనుకున్నాక మళ్లీ పరీక్షకి వెళ్లడం ఆయన్ని అనుమానించడం అవుతుందా? అనుమానించడమే అయితే, కళ్లు మసకబారిన ప్రతి ముసలమ్మకీ ‘దేవుడిచ్చిన చూపు ఇంతేనమ్మా, ఇంటికెళ్లు’ అని చెప్పాలి కదా. చూపు ఇచ్చినవాడే, అది చాలనప్పుడు అద్దం అరగదీయడం కూడా ఎవరికో నేర్పాడు. చూడొద్దనుకునేవాడైతే అంత కష్టం ఎందుకు పడతాడు? ఇలా ఆయనతోనే వాదించుకుంటూ ఆ పూట మూడు అద్దాలు కొలత తప్పించింది.

మధ్యాహ్నం కొట్టు కట్టేసి భర్త కునుకు తీస్తున్నాడు. వంటగదిలో అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. ఆమె వెళ్లి ఎదురుగా కూర్చుని, తనూ ఒక గుప్పెడు తీసుకుంది.

“అత్తయ్యా, డాక్టరమ్మ మళ్లీ అడగమంది. పాతకాలంలో ఎవరికైనా...”

“చెప్పాగా, లేదని.”

“సరే అత్తయ్యా.”

ఇద్దరూ ఒలుస్తున్నారు. గింజలు గిన్నెలో టపటపా పడుతున్నాయి. కాసేపటికి ఒకవైపు చప్పుడు ఆగింది. చూస్తే అత్తగారి చేతిలో ఒక కాయ ఉంది, చీల్చింది గానీ గింజలు రాల్చలేదు.

“నాకు వీడికంటే ముందు ఒక పిల్ల” అంది.

ఆమె కదల్లేదు. కదిలితే ఆ మాట మళ్లీ లోపలికి వెళ్లిపోతుందేమోనని.

“తెల్లగా, బొద్దుగా పుట్టింది. నా చిటికెన వేలు పట్టుకుంటే వదిలేది కాదు. రెండో రోజుకి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. పాలు పట్టబోతే రొప్పేది, అలిసిపోయి నిద్రపోయేది. చలేస్తోందన్నారు, కంబళ్లు కప్పారు. దిష్టన్నారు. వారం తిరక్కుండా పోయింది.” కాయని వేళ్ల మధ్య నలిపింది. “అప్పుడు మా అత్తగారు, ‘కడుపుతో ఉండి పెద్ద గంగాళాలు ఎత్తింది, వద్దంటే వింటేగా’ అంది. ఎత్తింది నిజమే. ఎత్తమన్నది కూడా ఆవిడే. ఆ మాట అనలేకపోయాను. మీ మామగారు పోయేదాకా ఆ పిల్ల ఊసు ఎత్తలేదు. నేను ఏడిస్తే, ‘మళ్లీ కనొచ్చులే’ అన్నారు. కన్నాను. ఇద్దర్ని కన్నాను. కానీ అది అదే కదా అమ్మాయ్.”

వీధికంతటికీ వినపడే గొంతు ఇప్పుడు వంటగది దాటట్లేదు. ఆ ఇంట్లో తుమ్ముల లెక్క కూడా చెప్పే మనిషి, తన సొంత సంగతి ఒక్కటి ముప్పై అయిదేళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. అందుకేనేమో, మిగతావాళ్లందరి నొప్పులూ అంత గట్టిగా చెప్పేది. ఆమె లేచి వెళ్లి అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది. ఒలిచిన తొక్కలన్నీ ఒకచోటికి చేర్చింది.

“లేచి చెప్పులేసుకో” అంది అత్తగారు కళ్లు తుడుచుకుని. “డాక్టరమ్మకి నేనే చెబుతాను. ఇవాళ తలుపు ఆవిడ వేసినా సరే, తీసినా సరే.”

*

పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు కుర్రవాడు. మాట నెమ్మది. తెర మీద చూసేముందు ముగ్గురినీ కూర్చోబెట్టి అడుగుతున్నాడు. “పెద్దమ్మా, మీకెంతమంది పిల్లలు?”

“ముగ్గురు.”

“అమ్మా, ఇద్దరం” అన్నాడు కొడుకు.

“ముగ్గురురా. నీకంటే ముందొకతి పుట్టింది.”

అతను తల్లి ముఖం వైపు చూశాడు. ఆవిడ కొడుకు వైపు చూడలేదు. డాక్టరుకి నీలి పెదాల దగ్గర నుంచి అంతా వరసగా, వణకని గొంతుతో చెప్పింది. ఆ తర్వాత గదిలో దీపాలు తగ్గించారు. చల్లటి జెల్లు కడుపు మీద పడింది. చీకట్లో ఆమె పాదం పట్టుకుని ఎవరో నిలబడ్డారు. భర్త అనుకుంది. దీపాలు వేశాక చూస్తే అత్తగారు.

తేడా ఉంది. గుండె డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు, అర్థమైనంత అర్థమైంది. మిగతాది మర్నాడు మేడగదిలో డాక్టరమ్మ చెప్పింది. తను ముందే ఆ డాక్టరుతో ఫోనులో మాట్లాడి పెట్టుకుంది.

“గుండె లోంచి రెండు పెద్ద గొట్టాలు బయటికొస్తాయి. ఒకటి ఊపిరితిత్తులకి, ఒకటి ఒళ్లంతటికీ. నీ బిడ్డకి అవి ఒకదాని చోట ఒకటి అమరాయి. కడుపులో ఉన్నన్నాళ్లు బిడ్డకేం బాధ లేదు, ఊపిరి పని నువ్వు చూస్తున్నావు. బయటికొచ్చిన గంటల్లో, రోజుల్లో కష్టం మొదలవుతుంది. ఇక్కడ పురుడు పోసుకుంటే మేం దారి వెతుక్కునేలోపే చేయి దాటిపోవచ్చు. అదే ఆ ఆసుపత్రిలో పుడితే, పుట్టిన వెంటనే మందు పెట్టి, కొద్ది రోజుల్లో ఆపరేషన్ చేసి ఆ గొట్టాల్ని సరైనచోట కలుపుతారు. ఎక్కువమంది పిల్లలు బాగా పెరుగుతారు. అందరూ అని చెప్పను, చెబితే అబద్ధం. ఇంకేవైనా తేడాలున్నాయేమో చూసే పరీక్ష ఒకటుంది. కావాలంటే చేయించుకోవచ్చు, వద్దంటే లేదు.”

“నా వల్ల వచ్చిందా అండీ? మిషను...”

“కాదు. నీ మిషను వల్లా కాదు, నువ్వు తిన్నదాని వల్లా కాదు, అనుకున్నదాని వల్లా కాదు.”

అప్పుడు అత్తగారు ముందుకి వంగింది. ఆ గదిలో ఆవిడ ఇన్నేళ్లలో తన కోసం అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో. “డాక్టరమ్మా, మరి... గంగాళాలు ఎత్తితే వస్తుందా?”

డాక్టరమ్మకి ఆ సంగతి ముందే తెలుసు. బల్ల అవతలి నుంచి లేచి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. “ఆ పిల్లని అప్పుడు ఎవరూ పరీక్ష చేయలేదు కాబట్టి ఏమైందో ఖాయంగా ఎవరం చెప్పలేం. మీరు చెప్పినదాన్ని బట్టి గుండె జబ్బే అయ్యుంటుంది. అది గర్భంలో మొదటి రెండు నెలల్లోనే ఏర్పడిపోతుంది. మీరు గంగాళాలు ఎత్తే నాటికే అది అలా ఉంది. మీరు ఎత్తకపోయినా అలాగే ఉండేది.”

అత్తగారు ఏడుస్తుందనుకుంది ఆమె. ఏడవలేదు. “అదన్నమాట” అంది. అని, చాలాసేపు కిటికీలో మొక్క వైపు చూస్తూ కూర్చుంది, ఎవరో ఎప్పుడో నెత్తిన పెట్టిన బరువుని దించాక మెడ నిలవక చూస్తున్నట్టు.

డాక్టరమ్మ తల్లీకొడుకులిద్దర్నీ బయటికి పంపింది. తలుపు వేసింది.

“ఇంకొకటి చెప్పాలి. ఇలాంటిది తెలిశాక కొందరు కడుపు ఉంచుకోకూడదనుకుంటారు. అలా అనుకున్నవాళ్లని నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు, వాళ్ల చెయ్యీ వదల్లేదు. కొందరు ఉంచుకుంటారు. వాళ్ల చెయ్యీ వదల్లేదు. దానికి కొంత గడువుంది, మరీ ఆలస్యం చేయకూడదు. ఎవరేమన్నా నిర్ణయం నీది. నువ్వు ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ.”

“మీరైతే ఏం చేస్తారండీ?”

“నేను నువ్వు కాదుగా. వాళ్లు అక్కడ బిడ్డ గుండె చూస్తారు. నువ్వు మాత్రం నా దగ్గరికి వస్తూ ఉండు, ఏది అనుకున్నా సరే. నిన్ను చూసేవాళ్లు కూడా ఒకరుండాలి.”

*

ఇంట్లో రెండు రోజులు మాటలు గాలిలో తిరిగాయి. ఆడపడుచు ఏడ్చింది, ఏడ్చి, “ఇంకా చిన్న వయసేగా వదినా, మళ్లీ కనొచ్చు” అంది. ఫోను పక్కనే ఉన్న అత్తగారు దాన్ని లాక్కుని, “ఆ మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినపడకూడదు. ఉంచుకుంటుందో మానుతుందో అది వేరే సంగతి. ఒకళ్ల బదులు ఇంకొకళ్లు రారు” అని పెట్టేసింది. అంతకంటే కోడలికి ఏమీ చెప్పలేదు. చెప్పాలనిపించినప్పుడల్లా లేచి ఏదో ఒక గిన్నె తోముతున్నట్టు వంటగదిలోంచి చప్పుడు వినపడేది. ఆ రెండు రోజుల్లో ఆ ఇంట్లో గిన్నెలు ఎన్నడూ లేనంతగా మెరిశాయి.

భర్త ముందు గదిలో కూర్చుని జోళ్లు తుడిచినవే తుడిచాడు. మూడో రోజు పొద్దున కొట్టు తెరిచేముందు వెనక గదిలోకి వచ్చాడు. మిషను ఇంకా వేయలేదు. ఆమె దణ్ణం పెట్టుకుని కళ్లు తెరిచేసరికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది.

“నాకేం తోచట్లేదు. దేవుడికే వదిలేద్దామా?” అన్నాడు.

“ఆయన తన పని చేశాడండీ. ముందే చెప్పాడు. అత్తయ్యకి చెప్పనిది మనకి చెప్పాడు. చెప్పించుకున్నాక మళ్లీ ఆయన మీదే తోసేస్తే ఏం బాగుంటుంది?”

అతను స్టూలు మీద కూలబడ్డాడు. మొదటిసారి ఆ స్టూలు మీద అతను కూర్చోవడం, ఆమె నిలబడి ఉండటం. మెడ వెనక వెంట్రుకలు చిన్నపిల్లాడివిలా లేచి ఉన్నాయి. ఆమెకి జాలేసింది. ఇతనికి ఒక అక్క ఉండేదని మొన్ననే తెలిసింది. ఇవాళ బిడ్డ గురించి అడుగుతున్నాడు. ఎవరూ ఇతనికి కూడా ఏదీ చెప్పకుండానే పెంచారు, బాగుందని మాత్రం చెబుతూ. తల నిమురుదామని చెయ్యి ఎత్తింది. నిమిరింది.

ఆమె రెండు రాత్రులుగా ఏం ఆలోచించిందో అతనికి తెలియదు. మొదటి రాత్రి వద్దనుకుంది. నిజంగానే అనుకుంది. చిన్న ఛాతీ మీద కత్తి, గొట్టాలు, ఆసుపత్రి వరండాలు, ఆపరేషన్ అయ్యాక కూడా ఏళ్ల తరబడి గుండెలు చిక్కబట్టుకుని బతకడం. వద్దనుకుని పడుకుంటే ఆకాశమేం విరిగి మీద పడలేదు, దేవుడేం కోపగించలేదు. మర్నాడు పొద్దున లోపల అదే చేపతోక కదిలింది. అప్పుడు ఆమెకి విచిత్రమైన సంగతి ఒకటి తోచింది. ఇంతవరకూ తనకి దేన్నీ వద్దనే వీలు లేదు. పెళ్లి, వెనక గది, కడుపు, అన్నీ వచ్చాయి, తను సరేనంది. సరేనన్నదాంట్లో ఇష్టమెంతో అలవాటెంతో తనకే తెలియదు. తలుపు వేసి, వద్దన్నా పరవాలేదమ్మా అని ఒక మనిషి చెప్పాక, మొదటిసారి ‘కావాలి’ అన్న మాట తన సొంత గొంతులో వినపడింది. వణుకుతూనే వినపడింది. అయినా అది తనదే.

“నెలలు నిండకముందే నేను ఆ ఊరు వెళ్లి ఉండాలి” అంది. “అత్తయ్య తోడు వస్తానంది. ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లు పడుతుందో తెలీదు. ఈ మిషను మీరు నేర్చుకోవాలి. లేదా ఒక మనిషిని జీతానికి పెట్టుకోవాలి.”

“నాకు రాదు కదా.”

“నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?”

అతను నవ్వబోయి, మధ్యలో ఆగి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నీళ్లలో నాని పగిలిన వేళ్లు. వాటిని ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు. “అయితే మనం ఉంచుకుంటున్నామా?” అన్నాడు, ఆమె ఎటు చెబితే అటు వెళ్లేవాడిలా.

“మనం అన్నది మీరు నిదానంగా ఆలోచించుకుని చెప్పండి” అందామె, చెయ్యి విడిపించుకోకుండానే. “నేను మాత్రం కంటున్నాను.”